తలుపు వైపు తలలు

శనివారం ఉదయం 6:10.

మైపాడు రోడ్డు నుంచి కిలోమీటరు లోపలికి పోతే రొయ్యల గుంటలు. గుంటల మధ్య గట్టు మీద రేకుల షెడ్డు. షెడ్డులో నేల మీద గంగులయ్య శవం.

సబ్ ఇన్‌స్పెక్టర్ వినీల గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కాలిన ప్లాస్టిక్ వాసన. దాని అడుగున ఇంకేదో తియ్యటి వాసన, గొంతు గీరుతోంది.

"లోపలికి పోబాకండి మేడమ్. ఇంకా పొగొస్తా ఉండాది," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పెంచలయ్య.

ఫైర్ వాళ్ళ దగ్గర మాస్కు అడిగి తీసుకుంది. లోపలికి వెళ్ళింది.

గంగులయ్యకు నలభై ఆరేళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఈ గుంటలకు కాపలా. కరెంటు పోతే గుంటలో నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగిపోతాయి. అవి ఆగితే గంట తిరక్కుండా రొయ్యలు చచ్చి పైకి తేలతాయి. అందుకే షెడ్డులో పెద్ద లిథియం బ్యాటరీ పెట్టారు. బీరువాలో సగమంత ఉండే నీలం ఇనప పెట్టె. దాని ఎదురుగా గంగులయ్య మంచం.

మంచం ఇప్పుడు నల్లటి చట్రం మాత్రమే.

వినీల టార్చి వేసింది. పెట్టె ముందు తలుపు ఊడి అవతలి గోడకు తగిలి వంగిపోయి ఉంది. అదే గోడ మీద, మంచం ఎత్తులో, విసనకర్ర ఆకారంలో మసి. పెట్టెలో అల్యూమినియం సెల్స్ పుస్తకాల్లా ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. వాటి తలలన్నీ తలుపు వైపు. ప్రతి తల మధ్యలో ఒక చిల్లు, నోరు తెరిచినట్టు.

పైన మూత చూసింది. దాని మీద నీలం రంగు చెక్కు చెదరలేదు. మూత లోపలి వైపు కూడా వేలితో రుద్దింది. సన్నటి మసి, అంతే.

ఆమె ఫొటోలు తీసింది. బయటకు వచ్చి షెడ్డు సీల్ చేయించింది.

"లోపల చూసింది ఎవరికీ చెప్పొద్దు పెంచలయ్య గారూ. ఇంట్లో కూడా."

పక్క గుంటలో పనిచేసే ఏసుమణి గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఫోన్ చేసింది అతనే.

"ఎన్నింటికి?"

"కరెంటు పొయ్యింది నాలుగూ యాభైకి మేడమ్. నేను మా ఇంజను వేసుకున్నా. పావుగంటకి ఢామ్మనింది. ఉరికినా. తలుపు కాడికి కూడా పోలేకపొయినా. తెల్ల పొగ. మంట బుస్సుమంటా ఉండింది."

"గంగులయ్యకు ఎవరితోనైనా గొడవ ఉందా?"

ఏసుమణి గొంతు తగ్గించాడు.

"సోమవారం ఓనరుతో పెద్దగా మాట్లాడినాడు. గిరిబాబు గారితో. ఏందో నాకు సరిగ్గా ఇనపళ్ళా."

తీసిన ఫొటోలో, పెట్టె పక్క రేకు మీద ఒక స్టిక్కర్ ఉంది. పైకి చూపించే బాణం. కింద పేరు: జబీనా బ్యాటరీ వర్క్స్, ఇందుకూరుపేట.

*

8:20.

జబీనా దుకాణం ముందు అప్పటికే ఇరవై మంది గుమిగూడారు. ఎవరో రాయి విసిరారు. షట్టరు మీద సొట్ట.

జబీనాకు ముప్పై ఒకటి. పాలిటెక్నిక్ చదివింది. రేడియో మెకానిక్‌గా తండ్రి ఖాదర్ బాషా కూర్చున్న బల్ల దగ్గరే ఇప్పుడు ఆమె బ్యాటరీలు కడుతుంది. వినీలను చూసి లేచి నిలబడింది. చేతులు దుపట్టాలో దాచుకుంది. 

"గంగులయ్యన్న పొయినాడంట కదా మేడమ్. నా పెట్టె వల్లనేనా?"

"అది తెలుసుకోడానికే వచ్చాను. నువ్వు ఎట్లా కడతావో చూపించు."

జబీనా బల్ల మీద నుంచి ఒక సెల్ తీసింది. లావుపాటి పుస్తకమంత ఉంది. దాన్ని నిలబెట్టింది.

"ఇది తల. ఈ రెండూ ప్లస్, మైనస్. మధ్యలో ఈ పల్చటి బిళ్ళ ఉంది చూడండి, ఇదే వాల్వ్. లోపల వేడెక్కి గ్యాస్ పుడితే ఈ బిళ్ళ చినిగి బయటికొస్తది. ఇది సెల్‌కి నోరు అనుకోండి. నోరు ఎప్పుడూ పైకే ఉండాల. మనిషి వైపు ఉండకూడదు, పక్క సెల్ వైపు ఉండకూడదు."

"పడుకోబెడితే?"

"లోపలుండే ద్రవం నోటికాడికొస్తది. చినిగితే గ్యాస్ ఒకటే కాదు, అది కూడా చిమ్ముతది. అంటుకునిందంటే ఎదురుగా ఏముంటే దాని మీదికి మంట."

 పక్కనే ఉన్న ఖాళీ పెట్టె అడుగున ఇనప గాడులు చూపించింది. సెల్ నిలువుగా తప్ప అందులో కూర్చోదు. సెల్‌కీ సెల్‌కీ మధ్య మంట అంటని రేకు. రెండు చివర్లా మందం పలకలు, వాటిని కలిపి బిగించే పొడవాటి బోల్టులు. ఎక్కువ బిగించినా తప్పే, వదులైనా తప్పే. తలల మీద జానెడు ఖాళీ. ఆ ఖాళీలోంచి పైకప్పు బయటకు ఒక గొట్టం.

"అట్లా కట్టిన పెట్టెలో సెల్ చెడిపోతే ముందు ఏది పోతుంది?"

"గొట్టంలోంచి పొగ పోతది. మరీ ఎక్కువైతే మూత లేస్తది."

"ముందు తలుపు?"

"తలుపుకేం కాదు మేడమ్. గ్యాస్ అటు పోనే పోదు."

వినీల ఉదయం తీసిన ఫొటో మళ్ళీ చూసుకుంది. 

"గిరిబాబుకు ఇట్లాంటివి ఇంకెన్ని ఇచ్చావు?"

"గిరిబాబు గారికి మొత్తం మూడు. ఇంకోటి మైపాడులోనే, రెండో గుంట కాడ. ఇంకోటి విడవలూరు సైడు."

"తాళాలు?"

"నా దగ్గర లేవు. ఒక జత గిరిబాబు గారి ఆఫీసులో. ఒక జత నరేంద్రబాబు కాడ. సర్వీసు ఆయనే చూస్తాడు. సోలార్, ఇన్వర్టర్ షాపు." కొంచెం ఆగి అడిగింది: "మిగతా రెండు పెట్టెల కాడ ఎవురు పడుకుంటారు మేడమ్?"

ఆ ప్రశ్న వినీలకు అప్పటిదాకా తట్టలేదు.

*

9:15.

గిరిబాబు, నరేంద్రబాబు ఇద్దరూ గుంటల దగ్గరే ఉన్నారు. గిరిబాబుకు యాభై దాటాయి. చెమటలు కారుతున్నాయి. నరేంద్రబాబు ముప్పై ఎనిమిదేళ్ళవాడు. ఇస్త్రీ చొక్కా మడత నలగలేదు.

"సోమవారం గంగులయ్యతో గొడవ దేనికి గిరిబాబు గారూ?"

"గొడవేముంది? పనివాళ్ళతో ఉండేదే."

"దేని గురించి?"

"గుర్తు లేదు."

"తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"ఆఫీసులో మేకుకి తగిలించుంటాయి. ఎవురైనా తీసుకోవచ్చు."

నరేంద్రబాబు అడక్కుండానే అందుకున్నాడు. "మేడమ్, నేను మొదట్నించీ చెప్తానే ఉండా. చేత్తో కట్టే పెట్టెలు నమ్మబాకండి అని. ఆడమనిషి, ఇంట్లో కూర్చోని కడతాది. ఇట్లాగే అవుతాది."

"నువ్వు పెట్టె విప్పి చూసి ఎన్నాళ్ళయింది?"

"విప్పలా. బయట నుంచి మీటరు పెట్టి చూస్తా, అంతే. పది రోజులయింది."

"రెండో గుంట తాళం ఇవ్వు."

తాళం ఆమె చేతిలో పడింది. ముగ్గురిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. పెట్టె కట్టిన మనిషి కూడా ఆ ముగ్గురిలో ఒకరే.

*

9:50. రెండో గుంట.

పెంచలయ్య ముందే ఫోన్ చేసి పెట్టె మెయిన్ స్విచ్ ఆపించాడు. కాపలావాడిని బయటకు పంపించారు. పెట్టె చూపించడానికి జబీనాను వెంట తెచ్చారు, తాళం ఆమె చేతిలో ఉంది. వినీల జీపు దిగి కాపలావాడికి ఏదో చెబుతోంది. వెనక్కి తిరిగి చూసేసరికి జబీనా షెడ్డులో ఉంది. తాళం తీసింది. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ముఖం తలుపుకు జానెడు దూరంలో పెట్టి గడియ తిప్పుతోంది.

వినీల పరిగెత్తింది. ఆమె భుజం పట్టి పక్కకు లాగేసింది. ఇద్దరూ నేల మీద పడ్డారు.

"ఏంది మేడమ్?"

  ఆ క్షణంలోనే వినీలకు ఒక సంగతి తేలిపోయింది. ఈ పిల్లకు ఏమీ తెలియదు. తెలిసిన మనిషి ఆ తలుపు ముందు ముఖం పెట్టదు.

"పక్క నుంచి తెరువు. కర్రతో."

తలుపు తెరుచుకుంది. జబీనా చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

సెల్స్ పడుకుని ఉన్నాయి. తలలన్నీ బయటకు చూస్తున్నాయి.

"ఇవి నావి కాదు," అంది. "నావి ఇంత పొడుగుండవు. నిలబెడితే మూత పట్టదని పడుకోబెట్టినారు. గాడులు చూడండి, గ్రైండరుతో కోసేసినారు. మధ్యలో రేకుల్లేవు. పలకల్లేవు. బోల్టుల్లేవు. పొట్టలు చూడండి మేడమ్, ఉబ్బినాయి. ఎక్కడో వాడి పారేసినవి. నంబర్లు గీకేసినారు."

"నీ సెల్స్?"

"మీద నా నంబరు గుద్ది ఉంటది. కొత్తవి. ఎత్తుకుపొయినారు."

"కరెంటు పోయి ఏరేటర్లన్నీ ఒక్కసారి దీని మీద పడితే?"

"ఒకటి చినిగితే పక్కది వేడెక్కతది. తర్వాత దాని పక్కది."

వినీల ఫోన్ తీసింది. విడవలూరు గుంట కాపలా ఆదిశేషమ్మ. అరవై ఏళ్ళ మనిషి. మగడు పోయాక ఆ షెడ్డులోనే కాపురం. రింగ్ అవుతోంది. ఎత్తడం లేదు.

విడవలూరు స్టేషన్‌కు చెప్పింది. ఆ గుంట వాళ్ళకు సరిగ్గా తెలియదు. మనిషిని పంపిస్తామన్నారు.

"పదండి," అంది.

*

పెన్న దాటి పోవాలి. పెంచలయ్య జీపును చేతనైనంత వేగంగా తోలాడు. వినీల పదకొండుసార్లు ఫోన్ చేసింది. పదకొండుసార్లూ మోగి ఆగిపోయింది. కత్తి పట్టుకున్నవాడికి ఎదురుగా ఆమె ఒకసారి నిలబడింది. అప్పుడు వాడి కళ్ళు కనిపించాయి, ఏం చేస్తాడో అంచనా వేసింది. ఇప్పుడు ఎటు చూడాలో కూడా తెలియడం లేదు.

"అక్కడ కరెంటు ఉందా?" అడిగింది.

జబీనా ఎవరికో ఫోన్ చేసి కనుక్కుంది. "లైను రిపేరంట మేడమ్. పది నుంచి లేదు."

అప్పుడు టైము 10:48.

11:05. గట్టు చివర షెడ్డు. ఏరేటర్లు తిరుగుతున్నాయి. షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆదిశేషమ్మ నీలం పెట్టెకు వీపు ఆనించి కూర్చుని చేప కడుగుతోంది. ఫోన్ గూట్లో ఉంది, ఏరేటర్ల హోరులో దాని మోత వినపడలేదు.

"అవ్వా, లెయ్యి. బయటకు రా."

"ఎవురమ్మా? ఏమయింది?"

"లెయ్యి ముందు."

అదే తియ్యటి వాసన.  వినీల వంగి ఆమె చంకల కింద చేతులు వేసి లేపింది. పెట్టెలో ఏదో టిక్కుమంది. తర్వాత, సన్నగా, కుక్కరు ఆవిరి మొదలైనట్టు ఒక బుస.

"బయటికి," అని జబీనా అరిచింది. "గాలొచ్చే దిక్కుకి. పొగ పీల్చబాకండి."

ముగ్గురూ గట్టు మీద ముప్పై అడుగులు పోయి ఉంటారు. వెనక నుంచి దెబ్బ. ముఖాన వేడి. వినీల తిరిగి చూసింది. ముసలామె వీపు ఆనించిన పెట్టె తలుపు గట్టు మీద పడి ఉంది. షెడ్డు గుమ్మంలోంచి తెల్లటి మంట అడ్డంగా, కొలిమి గొట్టంలోంచి వచ్చినట్టు, ఊదుతోంది.

ఆదిశేషమ్మ చేతిలో చేప అట్లాగే ఉంది. ఆమె మంటను చూసింది. వినీలను చూసింది.

"వాసనొస్తాందని ఫోన్లో గంగులయ్యతో చెప్పినానమ్మా," అంది. "ఆడ కూడా వస్తాందన్నాడు. అయ్యకి చెప్తానన్నాడు."

*

ఆదివారం ఉదయం 11:00. పోలీస్ స్టేషన్.

రెండో గుంటలో, విడవలూరులో ఏం చూశారో వినీల బయటకు పొక్కనివ్వలేదు. గది మధ్యలో బల్ల. బల్ల మీద నీలం పెట్టె, తలుపు మూసి ఉంది. తలుపుకు ఎదురుగా మూడు కుర్చీలు. పెట్టె నుంచి ఒక వైరు గోడ దగ్గరున్న మోటారుకు పోతోంది. మోటారు గుయ్‌మంటోంది.

"ఇది రెండో గుంట దగ్గరి పెట్టె," అంది వినీల. "ఇంకా విప్పలేదు. హైదరాబాద్ నుంచి ఎక్స్‌పర్ట్ వస్తున్నారు. ఆయన వచ్చేదాకా మోటారు దీని మీదే నడుస్తూ ఉండాలన్నారు. కూర్చోండి."

గిరిబాబు వచ్చి మధ్య కుర్చీలో కూలబడ్డాడు. జబీనా ఎడమ పక్కన కూర్చుంది.

నరేంద్రబాబు గుమ్మంలోనే ఉన్నాడు.

"కూర్చో నరేంద్రా."

"నిలబడే ఉంటా మేడమ్. నడుము నొప్పి."

"పేపర్ల మీద సంతకం పెట్టాలి. కూర్చో."

అతను కుర్చీ పట్టుకున్నాడు. లాగాడు. బల్ల చుట్టూ తిప్పి పెట్టె పక్కకు తెచ్చి వేసుకున్నాడు. "ఇక్కడ గాలొస్తాంది," అన్నాడు.

వినీల పెంచలయ్య వైపు చూసింది. పెంచలయ్య బల్ల అంచు పట్టుకుని మెల్లగా తిప్పాడు. తలుపు నరేంద్రబాబు ముఖానికి ఎదురుగా వచ్చి ఆగింది.

కుర్చీ వెనక్కి పడింది. నరేంద్రబాబు గోడకు అతుక్కుపోయాడు. ఇస్త్రీ చొక్కా వీపున తడిసి ఉంది.

"తిప్పండి దాన్ని. అటు తిప్పండి."

"ఎటు?"

"తలుపు. తలుపు అటు."

మోటారు గుయ్‌మంటూనే ఉంది. 

"గిరిబాబు గారు తలుపు ముందు కూర్చున్నారు," అంది వినీల. "ఆయనకు ఏం భయం లేదు. ఎందుకంటే జబీనా ఇచ్చిన పెట్టె నోరు పైకి ఉంటుందనే అందరికీ తెలుసు. మూతకు, గొట్టానికి భయపడాలి. తలుపు ముందు చిన్నపిల్లలు కూర్చున్నా ఏమీ కాదు. నువ్వు మాత్రం తలుపుకు భయపడ్డావు నరేంద్రా. పెట్టె మూసి ఉంది. ఎప్పుడూ విప్పలేదన్నావు. తలలు ఎటు ఉన్నాయో నీకెట్లా తెలుసు?"

నరేంద్రబాబు చూపు తలుపు మీంచి కదల్లేదు. 

"మొదటి షెడ్డులో అందరూ కాలిన మనిషిని చూశారు. మూత కాలలేదని ఎవరూ చూడలేదు. నోరు పైకి ఉండి ఉంటే మూత పోవాలి. తలుపు పోయింది. అంటే ఎవరో సెల్స్ మార్చి పడుకోబెట్టారు. ఎవరని నిన్నంతా ఆలోచించాను. మైపాడులో జబీనా ఆ తలుపు ముందు ముఖం పెట్టింది. అప్పుడు అర్థమైంది, ఇది తెలిసినవాడు ఎదురుగా కూర్చోలేడని."

ఆమె గడియ తిప్పింది. గిరిబాబు ఉలిక్కిపడ్డాడు. తలుపు తెరుచుకుంది.

పెట్టె ఖాళీ. మోటారు వైరు పెట్టె వెనక నుంచి గోడ ప్లగ్గుకు పోయింది.

నరేంద్రబాబు గోడ వెంబడి జారి కింద కూర్చున్నాడు.

"ఉబ్బిన సెల్స్ అని తెలుసు," అన్నాడు. "కొన్నాళ్ళు పనిచేస్తాయిలే అనుకున్నా. మంచివి నాయుడుపేటలో అమ్మేసినా. మనిషి చచ్చిపోతాడనుకోలా మేడమ్. నిజంగా అనుకోలా."

"అనుకోకపోతే పక్కకు జరగవు," అంది జబీనా. అతనివైపు చూడకుండా అంది.

వినీల గిరిబాబు వైపు తిరిగింది. "సోమవారం గొడవ దేనికి?"

అతను నేల వైపు చూశాడు. "వాసనొస్తాందన్నాడు. షెడ్డులో పడుకోనన్నాడు. నేను... పట్టించుకోలా. పంటకి పది రోజులే ఉండాది, ఆడనే పడుకోమన్నా."

"అది కూడా స్టేట్‌మెంట్‌లో రాస్తాను."

"రాయండి," అన్నాడు గిరిబాబు.

పెంచలయ్య నరేంద్రబాబును లేపుతుంటే వినీలకు ఇంకో ప్రశ్న తట్టింది. అడగడానికే భయం వేసింది.

"గిరిబాబు గారి మూడు పెట్టెలేనా? ఇంకెక్కడైనా ఇట్లా మార్చావా?"

పెంచలయ్య అతన్ని వినీల వైపు తిప్పాడు.

"నరేంద్రా."

"ఇంకో రెండు. రామతీర్థం దారిలో ఒక గుంట కాడ. ఇంకోటి ఈడనే. పక్క వీధి. ట్యూషన్ సెంటర్లో."

"ట్యూషన్ సాయంత్రమే కదా?"

"ఆదివారం పదిన్నరకే మేడమ్," అన్నాడు నరేంద్రబాబు.

11:24.

వినీల టోపీ బల్ల మీదే ఉండిపోయింది. జబీనా ఆమెకంటే ముందు గుమ్మం దాటింది.

మేడ మీద పొడుగాటి గది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కింద వీధిలో దుకాణాల్లో కరెంటు లేదు. ఇరవై రెండు మంది పిల్లలు. ముందు బెంచీ కింద, గుంటల దగ్గరి వాటికంటే చిన్న పెట్టె. దాని తలుపుకు మూరెడు దూరంలో నలుగురు ఆడపిల్లల కాళ్ళు.

వినీల గొంతు ఎత్తలేదు. ఎత్తితే తొక్కిసలాట.

"పుస్తకాలు ఇక్కడే పెట్టండి. వెనక బెంచీ నుంచి ఒకరి వెనక ఒకరు కిందికి దిగండి. ముందు బెంచీ, మీరు కాళ్ళు పైకి పెట్టుకుని అటు పక్కకు దూకండి. శబ్దం చెయ్యొద్దు."

ఆమె ఒక్కొక్క తల లెక్కపెట్టింది. పందొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి. చివరి పిల్ల చెప్పులు వెతుక్కుంటోంది. వినీల ఆ పిల్లను ఎత్తుకుని మెట్లు దిగింది.

పైన జబీనా పక్క నుంచి పాకి స్విచ్ ఆపేసింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. చేతి వెనక వైపు పెట్టెకు ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంది. వేడి ఉంది. బుస లేదు. వాసన లేదు.

పావుగంట కాచుకున్నారు. ఫైర్ వాళ్ళు వచ్చి పెట్టెను పక్కల నుంచి పట్టుకుని దించి, ఖాళీ స్థలంలో ఇసుక మీద పెట్టారు.

వినీల మెట్ల మీద కూర్చుండిపోయింది. జబీనా వచ్చి పక్కన కూర్చుంది.

"భయమేసిందా మేడమ్?"

"ఇంకా వేస్తానే ఉంది."

"నాక్కూడా." జబీనా దుపట్టాతో ముఖం తుడుచుకుంది. "రామతీర్థం దారి అన్నాడు కదా."

పెంచలయ్య జీపు తెచ్చాడు. ఇద్దరూ ఎక్కారు.

మధ్యాహ్నం 1:25కు ఆ ఆఖరి పెట్టె కూడా ఇసుకలోకి చేరింది. అందులోనూ సెల్స్ తలలు తలుపు వైపే ఉన్నాయి. షెడ్డులో ఆ తలుపు ఉన్న చోటికి ఎదురుగా ఒక చాప పరిచి ఉంది, తలగడతో సహా. దాని మీద ఎవరూ లేరు.